బొట్టు లేని పిలుపు

నా ఉద్యోగం పేరు మా అమ్మకు ఇప్పటికీ నోరు తిరగదు. నాకూ మొదట్లో తిరగలేదు. హైదరాబాదులో ఒక క్యాన్సర్ పరిశోధనా కేంద్రంలో పనిచేస్తాను. అక్కడ "వైవిధ్యం, సమానత్వం, సమ్మిళితం" అని ఒక విభాగం పెట్టి, నన్ను జిల్లాల సమన్వయకర్తను చేశారు. "గంత పొడుగు పేరేంది బిడ్డా, పని చిన్నదా?" అని అడిగింది అమ్మ. "అందరినీ దవాఖానకు పిలువాలె, ఎవ్వరినీ ఇడ్సిపెట్టొద్దు, గదే పని" అన్నాను. "గట్ల చెప్పు మరి" అని పొయ్యి వైపు తిరిగింది.

కేంద్రం వాళ్ల బాధ నిజమైనదే. రొమ్ము క్యాన్సర్ ఎవరికి తొందరగా ముదురుతుంది, ఏ మందు ఎవరికి పనిచేస్తుంది అని వాళ్లు ఏళ్లుగా చూస్తున్నారు. కానీ ఆ పరిశోధనలో ఉన్న ఆడవాళ్లందరూ దాదాపు నగరం వాళ్లే. చదువుకున్నవాళ్లు, గేటు ముందు కారు దిగేవాళ్లు. ఎర్రటి ఎండలో వేరుశనగ పీకే మనిషి ఒంట్లో ఆ జబ్బు ఎట్లా నడుస్తుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆమె ఆ గేటు దాకా రాదు. వస్తే అంతా మించిపోయాక వస్తుంది. అందుకని ఒక పెద్ద బండిలో రొమ్ము ఎక్స్‌రే మిషను పెట్టించి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు పంపాలని తీర్మానించారు. నేను నర్సు చదువు చదివినదాన్ని, ఇటిక్యాల దగ్గరి పల్లెదాన్ని. నన్ను తీసుకోవడానికి ఆ రెండూ సరిపోయాయి.

చేరిన కొత్తలో నాతో ఒక అవగాహన వీడియో చెప్పించారు. "ఏంది" అన్నచోట "ఏమిటి" అనమన్నారు. "జర" తీసేయమన్నారు. చూసేది పాలమూరు ఆడవాళ్లు, చెప్పేది పాలమూరు మనిషి, మధ్యలో ఈ "ఏమిటి" ఎవరి కోసం అని అడిగాను. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాకు ముక్కు మీద కోపమని ఆఫీసులో ఆ రోజు నుంచే పేరు.

మా విభాగానికి పెద్ద ఒక డాక్టరమ్మ. మేడం అంటాం. ఆమెది హైదరాబాదే, కానీ గర్వం లేని మనిషి. నా మాట నచ్చకపోయినా చివరిదాకా వింటుంది. ఈ కథలో ఆమెను తప్పుపట్టిన చోట్లు ఉన్నాయి కాబట్టి ఈ ముక్క ముందే చెప్పడం న్యాయం.

నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల పల్లెల్లో మొదలుపెట్టాం. గోడలకు పోస్టర్లు అంటించాం. ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పాం. తీరా క్యాంపు రోజున బండి నీడలో కూర్చుని మేమే ఈగలు తోలుకున్నాం. మా అవస్థ చూసి అక్కడి మహిళా సంఘం పెద్దామె పక్కున నవ్వింది. "కరెంటు పోతదని చెప్పినట్టు మైకుల చెప్తిరి, ఎవరొస్తరు మేడం? బొట్టు వెట్టి పిలువుండ్రి, ఎట్ల రారో నేను చూస్త" అంది.

ఆమె అన్నది అక్షరాలా జరిగింది. సంఘం ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ పోయి, ఇంటామె నొసట బొట్టు పెట్టి, "రేపు బడి కాడ క్యాంపు, తప్పకుండ రావాలె" అని చెప్పారు. పెళ్లికో పండగకో పిలిచినట్టు పిలిచారు. అట్లా పిలిచాక రాకపోతే మా వైపు తప్పు పడతారు. వాళ్లు వచ్చారు. మంచి చీరలు కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, పొద్దున్నుంచే వరస కట్టారు. మేడం హైదరాబాదు నుంచి కారులో వచ్చి చూసి మురిసిపోయింది. "ఇదీ ప్రజల పద్ధతి. మనం వాళ్లకు నేర్పడం కాదు, వాళ్ల దగ్గర నేర్చుకోవాలి" అంది. ఒక ఆమె ఇంకో ఆమెకు బొట్టు పెడుతున్న ఫొటో పెద్దగా వేయించి కేంద్రం హాల్లో తగిలించారు. ఇక మూడు జిల్లాల్లో ఇదే పద్ధతి అన్నారు. నాకూ సంతోషమే అయింది. మా పాలమూరు ముచ్చటను పట్నం మెచ్చుకుంటే ఎవరికి చేదు?

గద్వాల జిల్లా వంతు వచ్చినప్పుడు బండి మా ఊరికే వచ్చింది. నేను ముందురోజే ఇల్లు చేరాను. పొద్దున అమ్మ చాయ్ పెడుతుంటే సంఘం ఆడవాళ్లు వాకిట్లోకి వచ్చారు. ముందు నడుస్తున్నామె సంఘం లీడరు. ఊరంతా లీడరమ్మ అంటారు. నాకు వరసకు చిన్నమ్మ. పండగకు, పేరంటానికి ఊరి ఆడవాళ్లను పిలిచేది ఆమే, కలుపుకూ కోతకూ కూలీలను జమ చేసేదీ ఆమే. ఆమె ఈ వీధిలో గొంతెత్తితే ఆ వీధిలో జవాబు చెప్తారు.

మా మేనత్త అప్పుడు అరుగు మీద కూర్చుని చేటలో జొన్నలు బాగుచేస్తోంది. మేనత్త అంటే నాయినకు అక్క. మామ చిన్న వయసులోనే పోతే మా ఇంటికి వచ్చేసింది. అమ్మ పొలానికి పోతే నన్ను చంకనేసుకుని పెంచింది ఆమె. నాకు జ్వరమొస్తే ఇప్పటికీ ముందు ఆమే గుర్తుకొస్తుంది. కుంకుమ భరిణె కంటపడగానే మేనత్త చేట పక్కన పెట్టి, లేచి, పెరట్లోకి పోయింది. ఎవరూ పొమ్మనలేదు. వాన చినుకు పడితే ఆరేసిన బట్టలు తీసినంత మామూలుగా పోయింది.

లీడరమ్మ అమ్మకు బొట్టు పెట్టింది, మా వదినకు పెట్టింది, నాకూ పెట్టింది. "పిలిచేదానివి నువ్వు, నీకెందుకే" అని నా చెంప మీద ఒకటి తట్టింది. పెరటి వైపు చూసి "మీ అత్తమ్మ మంచిగున్నదా?" అని ప్రేమగానే అడిగింది. మా పక్కిల్లు జాకెట్లు కుట్టే ముస్లిం ఆమెది, ఊరంతటికీ ఆమె ఆపా, అంటే అక్క. అక్కడ ఆగి "నా జాకిటు అయిందా ఆపా?" అని అడిగి, ఆ తర్వాతి ఇంటికి నడిచింది.

మధ్యాహ్నానికి బడి ఆవరణ నిండింది. నేను వరస వెంట నడుస్తూ నీళ్లు అందిస్తున్నాను. ఎవరి మొహం చూసినా నొసట పచ్చి కుంకుమ. వరస ఈ కొస నుంచి ఆ కొసకు మళ్లీ నడిచాను. బొట్టు లేని నొసలు ఒక్కటీ లేదు. ఊళ్లో మొగుడు పోయిన ఏ ఆడమనిషీ రాలేదు, ఆపా రాలేదు, ఆపా వాళ్ల గల్లీ నుంచి ఎవరూ రాలేదు. ఈ జబ్బు వయసు మీద పడేకొద్దీ ఎక్కువ వస్తుంది. వయసు మీద పడేకొద్దీ ఊళ్లో బొట్టు లేనివాళ్లూ ఎక్కువవుతారు. అంటే ముందు ఎవరిని చూడాలో వాళ్లనే వదిలేసి, మిగిలినవాళ్లకు పూలు పెట్టి కూర్చోబెట్టాం. ఎవ్వరినీ వదలకూడదని పుట్టిన విభాగం మాది. నాకు ఒళ్లు మండింది.

ఇంటికి పోగానే మేనత్తను నిలదీశాను.

"అత్తమ్మా, క్యాంపుకు ఎందుకు రాలే?"

"నన్నెవరు పిలిచిండ్రే?"

"నేను పిలుస్తున్న గదా."

"నువ్వు ఇంటిపిల్లవు. ఇంటిపిల్ల పిలుపు ఒక పిలుపా? పిలువని పేరంటానికి పోయిందని నలుగురు నవ్వాల్నా?"

"పేరంటం కాదు అత్తమ్మా, దవాఖాన."

"దవాఖాన అయితే మరి బొట్టెందుకు వెడుతుండ్రు?"

ఆమె జొన్నల చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

వంటింట్లో అమ్మ నా చెయ్యి పట్టి లోపలికి లాగింది. "ఒక మాట చెప్త, అరువకు" అంది. మేనత్త ఎడమ దిక్కు జాకెట్టు కుట్టు వదులు చేయమని ఆపాను అడిగిందట. ఎప్పుడూ ఎడమ చంకన పెట్టే బిందె ఈ మధ్య కుడి చంకకు మార్చిందట. స్నానం చేసేటప్పుడు అమ్మను కూడా దగ్గరకు రానివ్వడం లేదట. "మరి నాకెందుకు చెప్పలే?" అన్నాను. "చెప్పనని ఒట్టు వెట్టిచ్చుకున్నది. నువ్వు ఆగమాగం చేస్తవని" అంది అమ్మ, కళ్లు తుడుచుకుంటూ. నర్సు చదువు చదివినందుకు ఆ క్షణాన నాకు ఏడుపొచ్చింది. తెలియనివాళ్లకు అది ఒట్టి నొప్పి. నాకు అట్లా కాదు. మేనత్త దగ్గరికి పోయి చూపించమని అడిగాను. నా చెయ్యి విదిలించి కొట్టింది. "ముసలిదాన్ని, నాకేముంటది. నువ్వు నీ పని చూస్కో పో" అంది.

బండి ఆ సాయంత్రమే అమరచింతకు బయలుదేరింది. అక్కడ రెండు రోజులుండి హైదరాబాదుకు వెళ్లిపోతుంది. మళ్లీ మా వైపు ఎప్పుడొస్తుందో చెప్పలేరు. గద్వాల దవాఖానకు తీసుకుపోదామంటే మేనత్త గడప దిగదు. ఆమెను ఎత్తుకుపోలేను, పిలవకుండా ఆమె రాదు.

మేడంకు ఫోను చేశాను. బొట్టు పెట్టి పిలవడం ఆపేయాలి అన్నాను.

"అదేంటమ్మా? అది వాళ్ల సంప్రదాయం కదా. మనం గౌరవించాలి" అంది.

"నాది కూడా గదే సంప్రదాయం మేడం. మా మేనత్తది కూడా. ఆ సంప్రదాయంల ఆమె పెరట్లకు పోవాలె."

"కానీ ఎంతమంది వస్తున్నారో చూడు. ఇప్పుడు ఆపితే ఉన్నది కూడా పోతుంది."

"వచ్చినోళ్లు మీకు ఫొటోల కనపడతరు. రానోళ్లకు ఫొటో ఉండదు."

మేడం నెమ్మదిగా అడిగింది: "సరే, మరి బొట్టు పెట్టకూడని మనిషిని మీ ఊళ్లో ఎట్లా పిలుస్తారు?"

ఆలోచించాను. పెళ్లికి పిలవరు. వ్రతానికి పిలవరు. చావుకు ఎవరినీ పిలవక్కర్లేదు, తెలిస్తే పోవాల్సిందే. "పిలువరు మేడం" అన్నాను. నా గొంతు నాకే చెడ్డగా వినిపించింది.

లీడరమ్మ ఇంటికి పోయి ఆమెతోనూ పోట్లాడాను. ఆమెకు కోపమొచ్చింది. "మేమేం తప్పు జేసినం? మీరు బొట్టు వెట్టి పిలువుండ్రంటే పిలిస్తిమి. మీ అత్తమ్మకు బొట్టు వెడితే ఆమెనే ఏడుస్తది. వెట్టకుంట పిలిస్తే చిన్నతనం జేసినట్టయితది. ఎట్ల చావాలె మేము?" అంది. అందులో అబద్ధమేమీ లేదు. నేను వచ్చిన దారినే వెనక్కి నడిచాను.

మర్నాడు పొద్దు పొడుస్తుండగా లీడరమ్మ గొంతు వీధిలో మోగింది. "ఓ వదినే! పత్తిల కలుపు! సద్ది కట్టుకొని రా, ఆటో వచ్చింది!"

"ఇగో, వస్తున్న!" అని పెరట్లోంచి మేనత్త కేకేసింది. పరుగున వచ్చి సద్ది గిన్నె మూటగట్టుకుని, తువ్వాల తలకు చుట్టుకుని, అమ్మకు ఏదో పని పురమాయించి వాకిలి దాటింది. ఆపా గల్లీ నుంచి ఇద్దరు ముసలమ్మలు అట్లాగే వచ్చి ఆటో ఎక్కారు. మొగుడున్నామె, లేనామె, బొట్టున్నామె, లేనామె, అందరూ ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నట్టు ఇరుక్కుని కూర్చున్నారు. నేను నోట్లో బ్రష్షుతో వాకిట్లో నిలబడి చూశాను. మా ఊళ్లో అందరినీ ఒకేలాగ పిలిచే పిలుపు ఒకటుంది. పుట్టినప్పటి నుంచీ రోజూ వింటున్నదే. అది కూలి పిలుపు.

నోరు పుక్కిలించి ఆటో వెంట పరుగెత్తాను.

"మళ్ల కొట్లాడనీకి వచ్చినవా?" అంది లీడరమ్మ.

"కాదు చిన్నమ్మా. రేపు గిట్లనే పిలువు. కలుపుకు పిలిచినట్టే. అమరచింతకు. పోనీకి వేరే బండి నేను తెప్పిస్త."

ఆమె నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "దవాఖానకని చెప్పి పిలువాల్నా, చెప్పకుంటనా?"

"చెప్పే పిలువు. మోసం వద్దు."

"చెప్పినా వస్తరు తియ్యి" అంది. "గొంతు గదే గదా. కానీ రేపటి కలుపు?" పత్తి రైతుతో ఆమే మాట్లాడి కలుపు ఒక రోజు వెనక్కి జరిపించింది. వానొస్తే గడ్డి నా నెత్తిదాకా పెరుగుతదని ఆయన గొణిగాడట. మేడంకు చెప్తే ఇంకేం అడగకుండా బండికి ఏర్పాటు చేసింది.

మర్నాడు అదే వేళకు అదే గొంతు. "ఓ వదినే! అమరచింతకు! రొమ్ములు చూపిచ్చుకోనీకి! సద్ది కట్టుకొని రా!" వీధి వీధంతా వినబడింది. నాకు నవ్వొచ్చింది. పెరట్లో కాసేపు చప్పుడు లేదు. తర్వాత గిన్నె మూత చప్పుడైంది. మేనత్త సద్ది మూటతో, తలకు తువ్వాలతో బయటికి వచ్చింది. నా వైపు చూడకుండా బండి ఎక్కింది. ఆపా కూడా కుట్టుమిషను మూసి వచ్చి ఎక్కింది. "నన్నెందుకు పిలుస్తలేరని మొన్న మస్తు ఆలోచించిన. నాకు బొట్టు వద్దు, నోటిమాట చాలు" అని నాతో అంది.

జూరాల డ్యాం మీదికి బండి వచ్చేసరికి గేట్లు ఎత్తి ఉన్నాయి. ఆడవాళ్లంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి నీళ్లు చూశారు. "ఇయ్యాల కలుపు మన ఒంట్ల ఏరుతరంట" అని లీడరమ్మ అంటే బండంతా నవ్వింది. మేనత్త కూడా నవ్వింది. సద్ది మూట మాత్రం రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది.

అమరచింతలో ఆమె వంతు వచ్చినప్పుడు నా మణికట్టు పట్టుకుంది. ఇద్దరం ఎక్స్‌రే బండి లోపలికి పోయాం. చిన్న డాక్టరమ్మ చేత్తో చూసింది, ఎక్స్‌రే తీయించింది, నా వైపు తిరిగి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. "ఆమెకు చెప్పండి, నాకు కాదు. తెలుగులో" అన్నాను. డాక్టరమ్మ మొహం ఎర్రబడింది కానీ, మేనత్త ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. గడ్డ ఉందని, గట్టిగా ఉందని, సూదితో ముక్క తీసి చూడాలని, క్యాన్సరు కావచ్చని చెప్పింది. మేనత్త అంతా విని, "నాకు తెలుసు" అంది. తెలుసన్న ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తెలిసి కూడా, ఎవరో ఒకరు పిలిచేదాకా అరుగు మీద జొన్నలు ఏరుకుంటూ కూర్చుంది.

కేంద్రంలో సూదితో ముక్క తీసి చూశారు. క్యాన్సరే. చంకలోకి పాకింది, ఇంకా దూరం పోలేదు. ఇంకొక పంట కాలం ఆగి ఉంటే మన చేతిలో ఉండేది కాదని పెద్ద డాక్టరు చెప్పాడు. నేను ఆ హాల్లోని బొట్టు ఫొటో కింద నిలబడి ఏడ్చాను. ఎవరు చూస్తున్నారో పట్టించుకోలేదు. హైదరాబాదులో ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు. తర్వాత మందు ఎక్కించారు. జుట్టు పోయింది, నోరు పూసింది, అన్నం వాసన పడలేదు. పరిశోధనలో చేరతావా అని అడిగి, అంతా విప్పి చెప్పారు. "నా ముక్క చూసి ఇంకొకరికి మందు కనిపెడతరా? అయితే చూడుండ్రి. ఊరికే పారేసేదే గదా" అని సంతకం చేసింది.

మేడం పద్ధతి మార్చింది. ఇప్పుడు సంఘాల వాళ్లు పని పిలుపులాగే పిలుస్తారు. వరసలో వయసైనవాళ్లు, ముస్లిం ఆడవాళ్లు కనిపిస్తున్నారు. అన్నిచోట్లా సాఫీగా ఏమీ జరగలేదు. నాగర్‌కర్నూల్ సంఘం పెద్దామె అలిగింది. మంచి పని చేస్తే వంకలు పెట్టారని రెండు క్యాంపులకు రానేలేదు. పూలు పెట్టుకుని వచ్చే సంబరం పోయిందని మా అమ్మే ఒకసారి నాతో అంది. అదీ నిజమే.

మరుసటి ఏడు బండి మళ్లీ మా ఊరికి వచ్చింది. లీడరమ్మ తన బిడ్డ కాన్పుకని కర్నూలు పోయింది. ఎవరు పిలుస్తారని నేను తల పట్టుకుంటే, "నేను పోత" అంది మేనత్త. జుట్టు అప్పుడప్పుడే కురచగా మొలిచింది. అమ్మ పరేషాన్ అయింది. "పొద్దుగాలనే వాకిండ్లకు పోతవా వదినె? పనులకు పోయేటోళ్లకు ఎదురు వస్తే ఏమంటరు?" మొగుడు పోయినప్పటి నుంచి మేనత్త తెల్లవారగానే ఎవరి గడప ముందరా నిలబడలేదు. అమ్మ మాటకు జవాబు చెప్పకుండా తువ్వాల చుట్టుకుని బయలుదేరింది. నేను వెనకాల నడిచాను.

మొదటి ఇంటి ముందు ఒకాయన విత్తనం సంచి ట్రాక్టరులో పెడుతున్నాడు. మేనత్తను చూసి సంచి దించేసి, లోపలికి పోయి మంచం మీద కూర్చున్నాడు. శకునం బాగలేకపోతే కాసేపు కూర్చుని, నీళ్లు తాగి బయలుదేరడం మా వైపు ఆనవాయితీ. ఆయన భార్య చెంబుతో నీళ్లు తెచ్చి ఆయనకు ఇచ్చి, గడపలో నిలబడింది. ఎటు చూడాలో తెలియక నేల చూసింది. నాకు తలవంపుగా ఉంది. వెళ్లిపోదామని మేనత్త కొంగు లాగాను.

మేనత్త కదలలేదు. "ఆయన్ను తాగనీయ్. నేను ఆయన కోసం రాలే" అంది. ఆ గొంతు లీడరమ్మ గొంతంత పెద్దది కాదు, అయినా వీధిలో అందరూ ఆగి విన్నారు. "నిన్నే, బడి కాడికి రా. నాకొకటి పోయింది. నీకు రెండూ ఉండాలని పిలుస్తున్న. నడువ్."